పైపలక పగిలిన, చేతితో కట్టిన గిటార్: తిరుపతిలో ఒక మరమ్మతు కేస్ స్టడీ

నేపథ్యం

ఈ కేసు ఒక అకౌస్టిక్ గిటార్ పైపలకకు వచ్చిన పగులుకు సంబంధించినది. సముద్రతీరాన ఉన్న ఒక నగరంలో ఒకే పనివారు మొదటి నుంచి చివరిదాకా తన చేతులతో కట్టిన గిటార్ అది. పైపలక సిట్కా స్ప్రూస్ అనే తేలికపాటి చెక్క, వెనకపలకా పక్కలూ రోజ్‌వుడ్, మెడ మహోగని, పైపూత స్పిరిట్‌లో కరిగించిన లక్క. తిరుపతిలో ఉంటున్న ఒక యువకుడు దాన్ని మరొకరి దగ్గర కొన్నారు. ఆయన అనుమతితోనే రాస్తున్నాను. గుర్తుపట్టడానికి వీలున్న వివరాలు కొన్ని తీసేశాను, కొన్ని మార్చాను.

తిరుపతిలో తీగవాయిద్యాల మరమ్మతు అంటే ప్రధానంగా వీణలు, వయొలిన్లు. శ్రీవేంకటేశ్వర సంగీత నృత్య కళాశాల ఉన్న ఊరు కాబట్టి ఆ పని ఎప్పుడూ ఉంటుంది. వీణను పనస చెక్కతో చేస్తారు. కుండ గోడ మందంగా ఉంటుంది కనుక చిన్న నెర్రె వచ్చినా పూడ్చడానికి చాలినంత చెక్క మిగిలి ఉంటుంది. గిటార్ పైపలక మందం మహా అయితే మూడు మిల్లీమీటర్లు. అంత పలుచని పలక మీద ఆరు ఉక్కు తీగలు, మామూలు మందపు (12–53) సెట్ అయితే, సుమారు 70 కిలోల బలంతో లాగుతూ ఉంటాయి. వీణ మీద చేయి తిరిగినవారు గిటార్ పగులును కూడా అదే కంటితో చూస్తే పని చెడుతుంది. ఈ కేసును కాగితం మీద పెట్టడానికి అదొక కారణం. ఎండాకాలానికీ ఈశాన్య రుతుపవనాలకూ మధ్య ఈ ప్రాంతపు గాలిలో తేమ ఎంతగా మారుతుందో, దానితో చేతితో కట్టిన వాయిద్యాలు ఎలా వేగుతాయో చెప్పాలనుకోవడం రెండో కారణం.

వచ్చిన సమస్య

మంచి ఎండల్లో గిటార్ నా దగ్గరికి వచ్చింది. బ్రిడ్జికి (పైపలక మీద తీగల కొసలు బిగించే చెక్కముక్కకు) సన్నతీగల వైపున, వెనక అంచు దగ్గర మొదలై, గిటార్ అడుగు దాకా సుమారు 14 సెంటీమీటర్ల పొడవున పైపలక చీలి ఉంది. చీలిక వెడల్పు ఎక్కువగా ఉన్నచోట 0.8 మిల్లీమీటర్లు. దానికి రెండువైపులా లక్క మీద అరచేతి వెడల్పున మసకబారిన మరకలు ఉన్నాయి. చీలికలో ఒకచోట తెల్లని జిగురు, మరోచోట గాజులా మెరిసే గట్టి జిగురు కనిపించాయి. అంటే నాకంటే ముందు ఒకరు ప్రయత్నించారు. అడిగితే, ఒక దుకాణంలో మొదట తెల్ల జిగురు పూశారని, అది నెల తిరక్కుండానే విడిపోతే సూపర్ గ్లూ పోశారని, అదీ విడిపోయిందని యజమాని చెప్పారు.

"అన్నా, గీతే గదా, మంచి జిగురు పెట్టి అదిమేస్తే నిలబడదా?" అన్నది ఆయన మొదటి ప్రశ్న. సహేతుకమైన ప్రశ్నే. నేను జవాబు చెప్పకుండా ఒక ఉక్కు స్కేలు తీసి బ్రిడ్జి వెనక, పలకకు అడ్డంగా నిలబెట్టాను. ఉక్కు తీగల గిటార్‌కు పైపలకను చాలామంది పనివారు కొద్దిపాటి ఉబ్బుతో కడతారు; అలాంటి పలక మీద స్కేలు మధ్యలో ఆని రెండు కొసలా ఊగాలి. ఇక్కడ స్కేలు రెండు కొసల దగ్గర ఆని ఉంది, మధ్యలోనుంచి వెలుతురు కనిపించింది. పలక గుంట పడింది. మెడ అంచు వెంబడి వేలు నడిపిస్తే ఫ్రెట్ల (ఫింగర్ బోర్డు మీద అడ్డంగా బిగించిన లోహపు కమ్మీల) కొసలు వరుసగా గీసుకున్నాయి. ఫ్రెట్ లోహం ఎండకు తగ్గదు, ఫింగర్ బోర్డు చెక్క తగ్గుతుంది కాబట్టి కొసలు బయటికి పొడుచుకువస్తాయి. తీగలు ఫ్రెట్లకు మరీ దగ్గరగా దిగి గరగరమంటున్నాయి. ఈ మూడు లక్షణాలూ కలిసి కనిపిస్తే దెబ్బ తగిలి చీలిందని అనుకోనక్కర్లేదు. వాయిద్యం మొత్తం ఎండిపోయింది. చీలిక అందులో పైకి కనబడిన భాగం.

గిటార్ ఉండే చోటు గురించి అడిగాను. మేడ మీద గది, పైన సిమెంటు కప్పు, రాత్రంతా ఏసీ. గిటార్ గోడకు కొక్కెం మీద వేలాడుతుంది, కేసు మంచం కింద ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో బయటి గాలే పొడి. ఏసీ ఆ గాలిలో మిగిలిన చెమ్మను కూడా నీళ్ళుగా మార్చి పైపులోంచి బయటికి పంపేస్తుంది.

తేమ లెక్క

జిగురు గురించి మాట్లాడేముందు ఈ లెక్క చూడాలి, ఎందుకంటే తర్వాతి నిర్ణయాలన్నీ దీని మీదే ఆధారపడ్డాయి.

చెక్క తన చుట్టూ ఉన్న గాలితో ఎప్పుడూ తేమ ఇచ్చిపుచ్చుకుంటూ ఉంటుంది. గాలి సాపేక్ష తేమ 65 శాతం దగ్గర నిలకడగా ఉంటే చెక్కలో తేమ సుమారు 12 శాతానికి, 35 శాతం దగ్గర ఉంటే సుమారు 7 శాతానికి వచ్చి ఆగుతుంది. ఈ మార్పు వల్ల చెక్క పొడవు దాదాపు మారదు; మారేదంతా వెడల్పే. సిట్కా స్ప్రూస్ పచ్చిదనం నుంచి పూర్తిగా ఎండేవరకు, వ్యాసార్ధపు దిశలో (కాండం మధ్య నుంచి బెరడు వైపుకు) సుమారు 4.3 శాతం, వయసు వలయాల వెంబడి దిశలో సుమారు 7.5 శాతం కుంచించుకుపోతుంది. గిటార్ పలకలను వలయాలు నిలువుగా వచ్చేటట్టు కోయడానికి ఒక ముఖ్య కారణం ఈ తేడాయే. అలా కోసిన పలకలో తేమ ఒక్క శాతం తగ్గితే వెడల్పు సుమారు 0.15 శాతం తగ్గుతుంది. ఈ గిటార్ కింది బొజ్జ వెడల్పు దాదాపు 400 మిల్లీమీటర్లు. తేమ 12 నుంచి 7కు దిగితే ఆ పలక సుమారు మూడు మిల్లీమీటర్లు కుంచించుకోవాలని చూస్తుంది.

కాని కుంచించుకోలేదు. చుట్టూ పక్కలకు అతికించి ఉంది, లోపల దానికి అడ్డంగా, ఏటవాలుగా పట్టీలు అతికించి ఉన్నాయి. పట్టీలు తమ పొడవున తగ్గవు. ముందు ఉబ్బు పోయి పలక చదును అవుతుంది, తర్వాత గుంట పడుతుంది, అప్పటికీ చాలకపోతే ఎక్కడో ఒకచోట చీలుతుంది. బ్రిడ్జి రెక్క ముగిసేచోట గట్టిదనం ఒక్కసారిగా మారుతుంది కాబట్టి తరచూ అక్కడే మొదలవుతుంది. వానాకాలంలో బిగుసుకుపోయే తలుపు ఎండాకాలంలో వదులవడం అందరికీ తెలుసు. తలుపుకు వదులయ్యే స్వేచ్ఛ ఉంది, గిటార్ పలకకు లేదు.

ఇక్కడ ఇంకో విషయం గమనించాను. లోపల అద్దం పెట్టి, చిన్న బల్బు వేసి చూస్తే పట్టీల పని చాలా శుభ్రంగా ఉంది, పనివారు నేర్పరి. కాని ఆ నగరపు గాలిలో తేమ ఏడాదిలో ఎక్కువ భాగం ఎక్కువే. పని గదిలో తేమను అదుపు చేయకుండా అక్కడ పట్టీలు అతికిస్తే, పలక ఉబ్బి ఉన్న స్థితిలోనే దాని కొలత స్థిరపడిపోతుంది. అక్కడే ఉన్నంతకాలం ఏ ఇబ్బందీ రాదు. అది సముద్రాన్ని వదిలి శేషాచలం కొండల కిందికి, అందులోనూ ఏసీ గదిలోకి వచ్చినప్పుడు బాకీ బయటపడుతుంది. ఇది నేను పలక తీరు చూసి వేసిన అంచనా. ఆ పనిగదిని నేను చూడలేదు. తర్వాత గిటార్‌ను తేమలో ఉంచినప్పుడు పలక తన ఉబ్బును తిరిగి అందుకున్నది 60 శాతం దాటాకే కాబట్టి అంచనా బలపడింది.

మొదట చేసినది

తీగలు వదులు చేశాను. గిటార్‌ను మూత ఉన్న ఒక పెట్టెలో పెట్టి, చిల్లులు పొడిచిన సబ్బుపెట్టెలో తడి స్పాంజి ఉంచి, పక్కన ఒక డిజిటల్ తేమమాపకం పెట్టాను. ఈ మాపకాలు చవకగా దొరుకుతాయి కాని కొన్ని పది శాతం దాకా తప్పు చూపిస్తాయి. అందుకని ప్రతిదాన్నీ ముందు ఉప్పుతో పరీక్షిస్తాను: సీసా మూతలో ఉప్పు పోసి, ముద్దయ్యేంత మాత్రం నీళ్ళు కలిపి, మాపకంతోపాటు గాలి చొరని కవరులో మూసిపెడితే కొన్ని గంటలకు లోపలి తేమ 75 శాతం దగ్గర నిలుస్తుంది. మాపకం 70 చూపిస్తే అయిదు తక్కువ చూపిస్తోందని మూత మీద రాసుకుంటే చాలు.

తేమను తొందరపడి పెంచకూడదు. ఒకేసారి తడిపితే పై పొరలు ఉబ్బి లోపలివి ఉబ్బక, కొత్త ఒత్తిళ్ళు పుడతాయి. అతుకులు కూడా వదులవుతాయి. మెల్లగా 50 శాతానికి తెచ్చాక పలక గుంట పోయింది, తీగల ఎత్తు తిరిగి వచ్చింది, చీలిక సగానికి పైగా మూసుకుంది. పూర్తిగా మూసుకోలేదు. రెండు వైపులా అరచేతులతో నెట్టినా సన్నని సందు మిగిలింది.

ఈ అరచేతి పరీక్షకు నేను చాలా విలువ ఇస్తాను. చేతి బలానికి మూసుకునే చీలిక జిగురుతో నిలబడుతుంది. క్లాంపు బిగిస్తే తప్ప మూసుకోనిదైతే, జిగురు ఆరాక క్లాంపు చేసిన పనిని రాత్రింబవళ్ళు ఆ జిగురు అతుకే చేయాల్సి వస్తుంది. ఎంత మంచి జిగురైనా తెగుతుంది, లేదా దాని పక్కన కొత్త చీలిక వస్తుంది.

సందు ఎందుకు మిగిలిందో భూతద్దంలో తెలిసింది. తెల్ల జిగురు పొరగా ఎండి ఉంది. సూపర్ గ్లూ చీలిక గోడల నారల్లోకి ఇంకిపోయి గాజులా గడ్డకట్టింది. గోరువెచ్చని నీళ్ళలో ముంచిన దూది పుల్లతో తెల్ల జిగురు చాలావరకు మెత్తబడి వచ్చేసింది. సూపర్ గ్లూ అలా రాదు. దాన్ని కరిగించేది అసిటోన్. అసిటోన్ తగిలితే లక్క పూత కూడా పోతుంది, కరిగిన గ్లూ ఇంకా లోపలికి ఇంకుతుంది. అందుకని రసాయనాల జోలికి పోలేదు.

నిలబడని ప్రయత్నం

అడుగు అంచు దగ్గర మూడు సెంటీమీటర్ల మేర చీలిక గోడలు మిగతాచోట కంటే శుభ్రంగా ఉన్నాయి. కొత్త చెక్క చేర్చకుండా ఉన్న చెక్కనే అతికించగలిగితే అంతకంటే మంచి మరమ్మతు లేదు. పనివారి చెక్క పనివారిదిగానే ఉంటుంది. కాబట్టి యజమానికి ముందే చెప్పి, ఆ మూడు సెంటీమీటర్లను మాత్రం 50 శాతం తేమ దగ్గర అతికించి, బాగా ఆరనిచ్చి, ఆ తర్వాత గిటార్‌ను సిలికా జెల్ పెట్టిన పెట్టెలో మెల్లగా 35 శాతానికి దించాను. ఆయన గదిలో ఎండాకాలపు రాత్రి ఉండే స్థితి అది. పరీక్ష నా బల్ల మీద విఫలమైతే నష్టం లేదు, ఆయన గోడ మీద విఫలమైతే ఉంది.

అతుకు విడిపోయింది. విడిపోయిన తీరు చూడదగ్గది: జిగురు పొర మొత్తం ఒక గోడకే అంటుకుని ఉంది, రెండో గోడ నున్నగా, ఒక్క నార కూడా లేవకుండా మెరుస్తోంది. శుభ్రంగా ఉన్నదనుకున్న చోట కూడా సూపర్ గ్లూ కంటికి కనబడనంత పలుచగా పాకి ఉందన్నమాట. మంచి అతుకు తెగితే చెక్క నారలు చిరిగి వస్తాయి. నున్నగా వదిలితే అసలు అతకనే లేదని లెక్క. దీంతో రెండు విషయాలు తేలిపోయాయి. పాత గోడలు జిగురును పట్టవు, వాటిని కోసి తీసేయాల్సిందే. 50 శాతం దగ్గర మూసిన పలక 35 దగ్గర ఇంకా లాగుతూనే ఉంటుంది, కాబట్టి ఎక్కడ పూడ్చాలన్నది వేరే ఆలోచించాలి.

ఏ తేమ దగ్గర పూడ్చాలి

గిటార్లను 45 నుంచి 50 శాతం తేమలో ఉంచమని తయారీదారులు చెబుతారు. ఆ మాట నిజమే. కాని ఈ గిటార్ నా దగ్గర ఉండదు, ఆయన గదిలో ఉంటుంది. ఆ గదిలో మాపకం పెట్టి యజమానిని కొన్నాళ్ళు అంకెలు రాయమన్నాను. ఏసీ నడిచిన తెల్లవారుజామున ముప్పైల్లో, వేసవి జల్లు పడిన సాయంత్రం డెబ్బై దాటి వచ్చాయి. నవంబరు వానల్లో ఇంకా పెరుగుతుంది.

పూర్తిగా మూసుకునేదాకా తేమ పెంచి, 60 దాటాక అతికిస్తే పగులు గీత అందంగా మాయమవుతుంది. కాని ఆ పలక ఏడాదిలో ఎక్కువకాలం లాగుడులోనే బతకాలి. 35 దగ్గర, అంటే చీలిక బాగా తెరుచుకున్నప్పుడు, వెడల్పైన బద్దతో పూడిస్తే ఎండాకాలంలో ఏ భయమూ లేదు; వానల్లో మాత్రం పలక పెరగడానికి చోటు లేక బాగా ఉబ్బుతుంది, తీగల ఎత్తు పెరుగుతుంది, బ్రిడ్జి అతుకు మీద భారం పడుతుంది. ఈ రెండింటి మధ్య ఎంచుకోవాలంటే ఉబ్బునే ఎంచుకోవాలి. నారకు అడ్డంగా లాగితే స్ప్రూస్ తేలిగ్గా చీలుతుంది. అదే దిశలో నొక్కితే అది చాలావరకు ఓర్చుకుని వంగుతుంది. ఉబ్బును శాడిల్ (బ్రిడ్జి మీద తీగలు ఆనే సన్నని ముక్క) మార్చి సరిచేయవచ్చు, చీలికను మార్చలేం. అందుకని మధ్యకంటే కొంచెం పొడివైపుగా, 42–45 శాతం దగ్గర పూడ్చాలని నిర్ణయించాను. అక్కడ చీలిక వెడల్పు అర మిల్లీమీటరు ఉంది.

ఏ చెక్క, ఏ జిగురు

యజమాని మేనమామ ఒకరు, పూడ్చేదేదో ఎర్రచందనంతో పూడిస్తే "మన కొండ చెక్క" గుర్తుగా ఉంటుందని సూచించారు. ఈ జిల్లాల్లో ఏ చెక్కపని మాట వచ్చినా ఎర్రచందనం పేరు రాకుండా పోదు. ఆయన మాటలో కొంత సంగీతం కూడా ఉంది: జపాన్‌వారి షమిసెన్ వాయిద్యపు మెడకు ఎర్రచందనాన్ని మేలైన చెక్కగా ఎంచుతారు. అయితే మెడకు కావలసిన గుణం వేరు, పైపలకకు కావలసినది వేరు. ఎర్రచందనం నీటిలో మునిగేంత సాంద్రమైనది. స్ప్రూస్ బరువు నీటిలో సగం కూడా ఉండదు. పలక మధ్య అంత గట్టి గీత పెడితే దాని అంచునే మళ్ళీ చీలుతుంది. పైగా అది 1995 నుంచి సైటిస్ (అంతరించే ప్రమాదమున్న జీవజాతుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం) రెండో అనుబంధంలో ఉన్న చెట్టు. అనుమతి పత్రం లేని ముక్క చిన్నదైనా నా బల్ల మీదికి రానివ్వను. ఆయన నొచ్చుకోకుండా ఒప్పుకున్నారు.

పూడ్చే బద్ద స్ప్రూసే కావాలి, అదీ పాతది కావాలి. కొత్త స్ప్రూస్ తెల్లగా ఉంటుంది, గాలీ వెలుతురూ తగిలిన పలక తేనె రంగుకు తిరుగుతుంది. విప్పేసిన ఒక పాత పియానో పలక ముక్కలు నా దగ్గర దాచి ఉన్నాయి, వాటిలోంచి తీశాను.

జిగురు దగ్గర ఇంకో నిర్ణయం వచ్చింది. ఇలాంటి పనికి నేను మామూలుగా వాడేది పశువుల తోలు నుంచి తీసే జిగురు. అరవై డిగ్రీల దగ్గర పలుచబడి సందుల్లోకి దిగుతుంది, ఆరాక గాజులా గట్టిపడుతుంది, ముందు ముందు ఎవరైనా విప్పాలంటే వేడీ తేమా ఇస్తే వదులుతుంది. కాని అది దేనితో తయారవుతుందో యజమానికి ముందుగా చెప్పడం నా అలవాటు, ముఖ్యంగా ఈ ఊళ్ళో. సరస్వతీపూజ నాడు ఈ గిటార్ కూడా పూజలో కూర్చుంటుందని, ఇంట్లో పెద్దవాళ్ళకు అది ఇష్టం ఉండదని ఆయన అన్నారు. మృదంగానికి తోలు లేదా అని వాదించవచ్చు. వాదించడం నా పని కాదు. పాత గోడలనే అతికించేటట్టయితే ఆ జిగురు కోసం కొంత పట్టుబట్టేవాణ్ణి. గోడలు కోసేసి, అప్పుడే తెరిచిన శుభ్రమైన చెక్కకు కొత్త బద్ద కూర్చుతున్నప్పుడు వాయిద్యాలవారు వాడే పసుపు చెక్కజిగురు కూడా నమ్మకంగా పట్టుకుంటుంది. వేడి చేస్తే అదీ మెత్తబడుతుంది. అదే వాడాను. శాడిల్ కూడా ఎముకది కాక కృత్రిమ పదార్థంతో చేసినది పెట్టాను.

పని జరిగిన తీరు

ముందు లోపలి పట్టీ. గోటితో పలక మీద తట్టుకుంటూ పోతే చీలికకు దగ్గరగా ఒకచోట శబ్దం బోలుగా మారింది. అక్కడ పలుచని కాగితాన్ని తోస్తే, అది పలకకూ పట్టీకీ మధ్య రెండు సెంటీమీటర్ల దాకా దూరింది. పలక ఏ ఎత్తులో నిలబడాలో నిర్ణయించేది పట్టీయే కనుక, చీలికను ముట్టుకునేముందే దాన్ని అతికించాలి. బోల్టూ నట్టుతో చేసిన చిన్న జాకీని వెనకపలక మీద చెక్కముక్క పరిచి నిలబెట్టి, పట్టీని పైకి అదిమి ఉంచాను. ఈ పనులన్నిటికీ గదిని ఆ 42–45 శాతం దగ్గరే నిలిపాను.

తర్వాత చీలిక గోడలు కోయడం. చెక్కబొమ్మలు చెక్కే మాధవమాల శిల్పులు వాడే సన్నరకం ఉలిలాగా మొన సాగదీసిన కత్తి ఒకటి నా దగ్గర ఉంది. స్కేలు పెట్టి గీత కోస్తే పని త్వరగా అవుతుంది, చూడ్డానికి నీటుగా ఉంటుంది. కాని చీలిక స్కేలులా పోదు, నారలు పోయిన దారినే పోతుంది. స్కేలు గీత ఆ నారలను అక్కడక్కడ అడ్డంగా తెంపుతుంది, తెగిన ప్రతిచోటా బద్ద కళ్ళకు కొట్టొచ్చినట్టు కనబడుతుంది. కాబట్టి చీలికనే దారి చేసుకుని, చేతితో, పైన వెడల్పు కింద సన్నం వచ్చేటట్టు ఏటవాలుగా కోస్తూ పోయాను. గాజు మెరుపు పోయి స్ప్రూస్ మెత్తని తెలుపు రెండువైపులా కనిపించేదాకా ఆగలేదు. పైన వెడల్పు 1.2 మిల్లీమీటర్లకు వచ్చింది.

బద్దను రంపంతో కోయలేదు; ఉలితో చీల్చాను. చీల్చిన బద్దలో నారలు ఈ కొస నుంచి ఆ కొస దాకా తెగకుండా ఉంటాయి. చిత్రిక పట్టి, సానపట్టిన బ్లేడుతో గీకుతూ గాడిలో వేలితో నొక్కితే కూర్చునేంతకు తెచ్చాను; సుత్తి అవసరమైతే బద్ద లావుగా ఉన్నట్టే, అది కట్టెలు చీల్చే మేకులా పనిచేసి చీలికను ముందుకు పొడిగిస్తుంది. ఇంకో సంగతి: స్ప్రూస్ మీద వెలుతురు పడే తీరు నారలు పైకి లేచే దిశను బట్టి మారుతుంది. రంగు సరిగ్గా కుదిరిన బద్ద కూడా తలకిందులుగా పెడితే ఒక వైపునుంచి నల్లగా, మరో వైపునుంచి తెల్లగా కనిపిస్తుంది. కిటికీ దగ్గర గిటార్‌ను తిప్పి చూస్తూ, బద్ద కొసలు మార్చి చూసి, పలకతోపాటే మెరిసిన వైపును ఖాయం చేశాను.

జిగురు ఆరాక, అతుకును పట్టి ఉంచడానికి లోపలి నుంచి చిన్న చెక్క బిళ్ళలు వేశాను. ఒక్కొక్కటి ఒకటిన్నర మిల్లీమీటరు మందం, స్ప్రూస్, పలక నారకు అడ్డంగా నార వచ్చేటట్టు, అంచులు పలుచగా దిగిపోయేటట్టు. అంచులు దిగిపోవాలనడానికి కారణం ఉంది: మందంగా ఆగిపోయిన అంచు పక్కనే పలక మళ్ళీ చీలుతుంది. నా చేయి పట్టని చోట్ల వీటిని అయస్కాంతాలతో నిలిపాను. నియోడిమియం అయస్కాంతాలు చెక్క ఇవతలా అవతలా ఒకదాన్నొకటి చప్పున లాక్కుంటాయి, స్ప్రూస్ మీద నొక్కు పడుతుంది; అందుకే పైన కార్కు అంటించినవి వాడాను.

పైకి మిగిలిన బద్దను తగ్గించడానికి ఉప్పుకాగితం మొదట్లో వాడలేదు. దాంతో చుట్టుపక్కల లక్క అరుగుతుంది. బ్లేడు రెండు కొసలకు టేపు చుట్టి, మధ్యలో వేలి వెడల్పు మాత్రం ఖాళీగా వదిలి గీకితే, టేపు లక్క మీద జారుతుంది, మధ్య భాగం బద్దనే తాకుతుంది. టేపు మందం దగ్గరికి వచ్చేసరికి బ్లేడు తనంతట తానే కోయడం మానేస్తుంది. మిగిలిన ఆ కాస్త ఎత్తును మాత్రమే మెత్తని ఉప్పుకాగితంతో సమం చేశాను. పూతకు లక్కనే మళ్ళీ స్పిరిట్‌లో కరిగించి పట్టించాను. కొత్త లక్క పాత లక్కను కొద్దిగా కరిగించి దానిలో కలిసిపోతుంది కాబట్టి అంచు గీత రాదు. పాత మరకలు చాలావరకు తగ్గాయి, పూర్తిగా పోలేదు. వాటి కోసం పూతంతా తీసేయాలన్న ఆలోచనను నేనే వద్దన్నాను.

తర్వాతి పరిస్థితి

అదే పొడి పెట్టె పరీక్ష మళ్ళీ పెట్టాను, 35 శాతం దగ్గర అతుకు కదలలేదు. ఆ తర్వాత గిటార్ ఆయన ఇంట్లో ఒక వానాకాలం, ఒక ఎండాకాలం చూసింది. ఎండల్లో ఏటవాలు వెలుతురులో లక్క మీద వెంట్రుకలాంటి గీత కనిపించింది, గోటికి తగలలేదు. కొత్త లక్క ఆరుతూ కుంగడం వల్ల వచ్చింది, చెక్క విడిపోవడం వల్ల కాదు. వానల్లో, అనుకున్నట్టే, పలక ఉబ్బి పన్నెండో ఫ్రెట్ దగ్గర లావుతీగ ఎత్తు 2.9 మిల్లీమీటర్లకు పెరిగింది, ఎండల్లో 2.1. దానికి ముందే రెండు శాడిళ్ళు చేసి ఇచ్చాను, ఎత్తైనది ఎండాకాలానికి, పొట్టిది వానాకాలానికి. తీగలు మార్చేటప్పుడు యజమానే మార్చుకుంటున్నారు. పొడుచుకువచ్చిన ఫ్రెట్ కొసలను ఆకురాయితో తగ్గించాను. గోడ కొక్కెం తీసేయించాను. గిటార్ కేసులో ఉంటుంది, ఎండాకాలంలో కేసులో తడి స్పాంజి సబ్బుపెట్టె ఉంటుంది.

స్వరం మెరుగుపడిందా అని అడిగారు. పట్టీ అతకడం వల్ల ఒక గరగర పోయింది. అంతకుమించి బద్దకు, బిళ్ళలకు నేను ఏ గొప్పా కట్టబెట్టను.

ఈ కేసు తర్వాత మార్చుకున్న పద్ధతులు

పగులుతో ఏ వాయిద్యం వచ్చినా, అది వీణైనా గిటారైనా, ఇప్పుడు ముందు స్కేలు, ఫ్రెట్ కొసలు, తేమమాపకం చూస్తాను; జిగురు సీసా ఆ తర్వాతే బయటికి వస్తుంది. యజమాని గదిలోని అంకెలు రానిదే పూడ్చే తేమను నిర్ణయించను. కొందరికి ఈ ఆలస్యం నచ్చదు, వేరే చోటికి వెళ్తారు. ఆపేవాణ్ణి కాను, కాని వెళ్ళేవారికి ఒక మాట చెప్పి పంపుతాను: ఎవరి చేత చేయించినా సూపర్ గ్లూ మాత్రం పోయనివ్వకండి, తీగలు వదులు చేసి, కేసులో స్పాంజితో మూసిపెట్టి తీసుకెళ్ళండి. తాజా చీలిక గోడలు శుభ్రంగా ఉంటే, తేమ ఇచ్చాక చేతితో మూసుకుంటే, ఈ బద్ద, ఈ కోత, ఏవీ అక్కర్లేదు. కాస్త జిగురు, లోపల నాలుగు బిళ్ళలతో పని అయిపోతుంది, ఖర్చు చాలా తగ్గుతుంది.

బద్ద పద్ధతి అన్ని చీలికలకూ పనికిరాదు. పలక మధ్య జోడు విడిపోతే దాన్ని శుభ్రం చేసి తిరిగి జోడించడమే మేలు, అక్కడ నారలు చీలలేదు కాబట్టి. బ్రిడ్జి కింద నుంచి పోయే చీలికకు ముందు బ్రిడ్జి ఊడదీసి, దాని కింద లోపలి పలక బాగుందో లేదో చూడాలి. పలక నిజమైన చెక్క కాకుండా ప్లైవుడ్ అయితే ఈ తేమ లెక్క ఏదీ వర్తించదు. అందులో వచ్చిన చీలిక దాదాపు ఎప్పుడూ దెబ్బ తగిలి వచ్చిందే, దాన్ని అలాగే చూడాలి.